అకౌస్టిక్ గిటార్ కొత్తగా మొదలుపెట్టా: వేళ్ళు మండుతున్నాయి, ఎఫ్ అస్సలు పడట్లేదు, కాస్త దారి చెప్పండి

కొండాపూర్_కొత్తచేయి

అందరికీ నమస్తే. నాకు 36 ఏళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సంగీతం అంటే వినడమే తప్ప నేర్చుకున్నది ఏమీ లేదు. ఈమధ్య ఆన్‌లైన్‌లో ఆరు వేల లోపు పెట్టి ఒక అకౌస్టిక్ గిటార్ కొన్నాను, స్టీల్ తీగలది. బ్రాండ్ పేరు వద్దులెండి, మళ్ళీ అదో గొడవ మొదలవుతుంది. సంచీ, బెల్టు, పిక్‌లు, ఒక సెట్ అదనపు తీగలు అన్నీ కలిపే వచ్చాయి. యూట్యూబ్ చూసి ఇ మైనర్, ఎ మైనర్, సి, జి, డి కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించేవి) పట్టుకోవడం వచ్చింది. పట్టుకోవడం అంటే వేళ్ళు ఒక్కొక్కటే తీసుకెళ్ళి పెట్టడం వచ్చింది, అంతే. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేలోపు పాట వీధి చివరికి వెళ్ళిపోతోంది.

వేళ్ళ చివర్లు మండుతున్నాయి, సరే, అందరికీ అంతేనంటున్నారు కాబట్టి ఓర్చుకుంటున్నా. కానీ ఎఫ్ దగ్గరికి వచ్చేసరికి చూపుడు వేలు అడ్డంగా వేసి ఎంత నొక్కినా సగం తీగలు టప్పు టప్పుమంటున్నాయి, బొటనవేలి మొదట్లో నొప్పి వస్తోంది. ఇక స్ట్రమ్మింగ్, అంటే తీగల మీద కిందికీ పైకీ చెయ్యి ఆడించడం. డౌన్, డౌన్ అప్, అప్ డౌన్ అప్ అని అందరూ చెప్పేదే నేనూ నేర్చుకున్నా, చెయ్యి తిరుగుతోంది కూడా, కానీ నాకు నచ్చిన తెలుగు పాటల్లో సగానికి అది అతకనే అతకట్లేదు. పైగా మా చెల్లి చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకుంది, తనది ఐదున్నర శృతి అట, "ముందు నీ గిటార్ నా శృతికి తీసుకురా, అప్పుడు పాడతా" అంటుంది. అది ఎలా తేవాలో నాకు తెలియదు, తనకి గిటార్ తెలియదు.

క్లాసుకి వెళ్ళాలా, ఇంట్లోనే నడిచిపోతుందా? అసలు ఈ వయసులో వస్తుందా? ఇంగ్లిష్‌లో వెతికితే బోలెడు దొరుకుతున్నాయి గానీ మన పాటల సంగతి ఎవరూ ఎత్తట్లేదు.


బెజవాడ_తీగలు

నమస్తే అండి. నేను గిటార్లు, వయొలిన్లు బాగుచేసే పనిలో ఉన్నాను, కాబట్టి నా జవాబంతా చెక్క వైపు నుంచే ఉంటుంది. సంగీతం సంగతి మిగతావాళ్ళు చూసుకుంటారు.

మీ వేళ్ళని తిట్టుకునే ముందు గిటార్‌ని అనుమానించండి. ఆ ధరలో వచ్చే గిటార్లలో తీగలు ఫ్రెట్ల మీద (గిటార్ మెడ, అంటే నెక్ మీద, అడ్డంగా ఉండే కడ్డీల మీద) చాలా ఎత్తుగా ఉండటం మామూలే. ఎత్తు తగ్గిస్తే ఎక్కడైనా ఒక ఫ్రెట్ ఎగుడుదిగుడుగా ఉన్నా తీగ జివ్వుమంటుంది, కొన్నవాడు వెనక్కి పంపేస్తాడు. ఎత్తుగా వదిలేస్తే శబ్దం శుభ్రంగానే ఉంటుంది, పోయేవి మీ వేళ్ళు. ఈ ఎత్తునే యాక్షన్ అంటారు.

కొలవడానికి పనిముట్లేమీ అక్కర్లేదు. ఏ బ్యాంకు ఏటీఎం కార్డు అయినా మందం 0.76 మి.మీ. ఉంటుంది. అంకెలు ఉబ్బెత్తుగా లేని కార్డులు తీసుకుని, గిటార్ ట్యూన్ చేసి, మూడు కార్డుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి 12వ ఫ్రెట్ కడ్డీ మీద ఆనించి, అన్నిటికన్నా లావు తీగ కిందికి జరపండి. మూడు కలిపితే 2.28 మి.మీ. తీగని పైకి లేపకుండా, దాదాపు రాసుకుంటూ దూరితే యాక్షన్ బాగానే ఉన్నట్టు. నాలుగో కార్డు కూడా హాయిగా దూరిపోయిందంటే 3 మి.మీ. దాటింది, అలాంటి గిటార్ మీద ఎఫ్ పట్టమంటే నాకే విసుగొస్తుంది. సన్న తీగ కింద రెండు దూరి మూడోది ఇరుక్కోవాలి.

అయితే ఎఫ్ విషయంలో అసలు దొంగ చాలాసార్లు వేరేచోట ఉంటాడు. తల దగ్గర తీగలు కూర్చునే చిన్న ముక్క ఉంటుంది చూడండి, నట్ అంటారు, దాని గాట్లు తగినంత లోతుగా కొయ్యకపోతే తీగ సరిగ్గా మొదటి ఫ్రెట్ దగ్గరే ఎత్తుగా, బిర్రుగా ఉంటుంది, ఎఫ్ పట్టాల్సింది కూడా ఖచ్చితంగా అక్కడే. ఒక్కో తీగనీ 2, 3 ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టుకుని మొదటి ఫ్రెట్ కడ్డీకీ తీగకీ మధ్య సందు చూడండి. వెంట్రుకవాసి ఉండాలి, వేలితో తడితే టిక్కుమనాలి. అవతలి వెలుతురు బాగా కనిపిస్తోందంటే గాటు పైకి ఉంది. కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే క్లిప్పు) ఉంటే ఇంకా తేలిక: 1వ ఫ్రెట్ మీద కేపో పెట్టి, అదే ఎఫ్ ఆకారాన్ని 2వ ఫ్రెట్‌లో పట్టండి. ఒక్కసారిగా మొత్తం తీగలు పలికాయంటే తప్పు మీ చేతిది కాదు, నట్‌ది.

సరిచేయించడం పెద్ద పనేం కాదు. కింద ఒంటి మీద తీగలు బిగించే చెక్కని బ్రిడ్జ్ అంటారు, అందులో తీగలు ఆనే సన్నటి ముక్క సాడిల్. దాని అడుగుభాగం అరగదీస్తే యాక్షన్ దిగుతుంది. 12వ ఫ్రెట్ దగ్గర అర మి.మీ. దిగాలంటే సాడిల్‌లో 1 మి.మీ. తియ్యాలి, లెక్క రెట్టింపు. ఓపికున్నవాళ్ళు ఇంట్లోనే అద్దం మీద సాండ్ పేపర్ అంటించి రుద్దుకుంటారు, ఎక్కువ అరిగిపోతే సాడిల్ కొత్తది దొరుకుతుంది. నట్ జోలికి మాత్రం మీరు వెళ్ళకండి, గాటు ఒకసారి ఎక్కువ లోతు పోతే ఖాళీ తీగ ఎప్పుడూ జివ్వుమంటూనే ఉంటుంది. అలాగే మొదట నెక్ వంపు చూసుకోవాలి. లావు తీగని 1వ ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ ఒంటికి కలిసే 14వ ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కితే మధ్యలో, 7వ ఫ్రెట్ మీద, విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే చాలు. అంతకన్నా బాగా ఎక్కువుంటే నెక్ లోపలుండే ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్, బిగించాలి, అదీ పావు తిప్పు చొప్పున, ఆగి ఆగి.

తీగలు కూడా మార్చేయండి. ప్యాకెట్ మీద 10తో మొదలయ్యే ఎక్స్‌ట్రా లైట్ సెట్ అడగండి, అంటే సన్న తీగ 0.010 అంగుళం. మామూలుగా 11 గానీ 12 గానీ వేసి ఉంటారు, 12 నుంచి 10కి దిగితే తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. శబ్దం కాస్త పలచబడుతుంది, ప్రస్తుతానికి పర్లేదు.

ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని చెబుతున్నా: మీది నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ అయితే దాని మీద స్టీల్ తీగలు ఎక్కించకండి. స్టీల్ లాగే బలం చాలా ఎక్కువ, బ్రిడ్జ్ ఊడి చేతికొస్తుంది. నెలకొకటైనా వస్తుంది నా దగ్గరికి ఇలాంటిది.


విశాఖ_కెరటం

అన్నా, పైన బెజవాడ అన్న చెప్పింది ముందు చేయించు, ఆ తర్వాతే నాది చదువు.

ఎఫ్‌ని కొన్నాళ్ళు పక్కన పెట్టెయ్. దాని బదులు ఎఫ్ మేజర్ 7 వాడు. తీగల లెక్క సన్నదాని నుంచి, అది 1వది, అన్నిటికన్నా లావుది 6వది. 4వ తీగ 3వ ఫ్రెట్‌లో ఉంగరం వేలు, 3వ తీగ 2వ ఫ్రెట్‌లో మధ్య వేలు, 2వ తీగ 1వ ఫ్రెట్‌లో చూపుడు వేలు, 1వ తీగ ఖాళీ, లావు తీగలు రెండూ కొట్టకు. నూటికి తొంభై పాటల్లో వినేవాడికి తేడా తెలియదు, కొన్నిట్లో అసలు ఎఫ్ కన్నా ఇదే బాగుంటుంది.

ఇప్పుడు మార్పుల సంగతి. నువ్వు ప్రతిసారీ చెయ్యి మొత్తం ఎత్తేసి, గాల్లోకి తీసుకెళ్ళి, మళ్ళీ ఒక్కో వేలూ దించుతున్నావని రాసినదాన్ని బట్టి అర్థమవుతోంది. ఒకసారి ఎ మైనర్ పట్టుకుని చూడు. చూపుడు వేలు 2వ తీగ 1వ ఫ్రెట్, మధ్య వేలు 4వ తీగ 2వ ఫ్రెట్, ఉంగరం వేలు 3వ తీగ 2వ ఫ్రెట్. ఇక్కడి నుంచి సికి వెళ్ళాలంటే కదలాల్సింది ఉంగరం వేలు ఒక్కటే, 5వ తీగ 3వ ఫ్రెట్‌కి. మిగతా రెండూ ఉన్నచోటే ఉంటాయి! సి నుంచి ఎఫ్ మేజర్ 7కి వెళ్ళాలంటే మధ్య వేలు, ఉంగరం వేలు రెండూ ఒక్కో తీగ కిందికి దిగుతాయి, చూపుడు వేలు మళ్ళీ కదలదు. అంటే ఈ మూడు కార్డ్స్‌కీ చూపుడు వేలు మేకు కొట్టినట్టు ఒకేచోట ఉంటుంది. వీడియోల వాళ్ళు ఒక్కో కార్డ్ బొమ్మ విడిగా చూపిస్తారు, ఏ వేలు కదలదో చెప్పరు, అక్కడే వస్తుంది చిక్కు. ఇ మైనర్ నుంచి జి, జి నుంచి డి, ఇలా ప్రతి జంటకీ ఏ వేలు ఉండిపోతుంది, ఏది దగ్గరగా జారుతుంది అని నువ్వే వెతుక్కో.

సాధన చెయ్యడం కూడా పాట మొత్తం కాదు, జంట. ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి ఎ మైనర్, సి, ఎ మైనర్, సి, ఎన్నిసార్లు మారగలిగావో లెక్కపెట్టు. శబ్దం శుభ్రంగా లేకపోయినా పర్లేదు. నిమిషానికి 30 దాటితే మెల్లగా ఉండే పాటలకి సరిపోతుంది, 60 అయితే ఇక ఆ జంట గురించి మర్చిపో. జస్టిన్ గిటార్ సైట్‌లో ఈ అభ్యాసం ఉంటుంది, మొదటి పాఠాలు ఉచితమే, ఇంగ్లిష్ పర్లేదనుకుంటే అదొక్కటి పట్టుకుని వరుసగా వెళ్ళు, పది ఛానళ్ళు తిరగకు.

వేలు ఎక్కడ పెడుతున్నావో కూడా చూసుకో. ఫ్రెట్ గదికి మధ్యలో కాదు, ముందున్న కడ్డీకి ఆనుకుని వెనక పెట్టాలి. అక్కడైతే సగం బలం చాలు. గోళ్ళు పూర్తిగా తీసెయ్, ఎడమ చేతివి. వేళ్ళ చివర మంట కొన్ని వారాల్లో చర్మం గట్టిపడి పోతుంది, స్నానం చేసి చర్మం నానినప్పుడు మాత్రం వాయించకు. కానీ బొటనవేలి మొదట్లో నొప్పి అన్నావే, అది వేరు. మణికట్టు, బొటనవేలు నొప్పెడితే వెంటనే ఆపెయ్యాలి, ఓర్చుకునే నొప్పి కాదది. నెక్‌ని వెనక నుంచి చిదిమేస్తున్నావని అర్థం.

ఇక స్ట్రమ్మింగ్, నేను అసలు రాద్దామనుకున్నది ఇది. నీకు నేర్పిన డౌన్, డౌన్ అప్, అప్ డౌన్ అప్ అనేది నాలుగు లెక్క. తకధిమి తకధిమి. మన పాటల్లో, ముఖ్యంగా జానపదాలు, లాలిపాటలు, పాత మెలోడీలు, మూడు లెక్కలో ఉన్నవి చాలా ఎక్కువ, తకిట తకిట. నాలుగు కాజాల చొక్కాని మూడు గుండీలతో పెట్టుకోమంటే ఎలా కుదురుతుంది. కాబట్టి గిటార్ తీసే ముందు పాట పెట్టి తొడ మీద తాళం వెయ్. తకిట తకిట అని నోటికి వచ్చేస్తే అది తిస్రం. దానికి మొదట్లో "త" దగ్గర కార్డ్ తాలూకు లావు తీగ ఒక్కటి మీటి, "కి", "ట" దగ్గర కింది మూడు తీగలు మెల్లగా డౌన్ కొట్టు. అంతే, పాట వెంటనే పాటలా వినిపిస్తుంది.

వేగం పెరిగితే ఇంకో తిరకాసు ఉంది. డౌన్ అప్ డౌన్, అప్ డౌన్ అప్ అని చెయ్యి ఆపకుండా ఆడిస్తే రెండో "త" అప్ మీద పడుతుంది, అది సహజంగా మెత్తటి దెబ్బ, అక్కడ ఒత్తు ఇవ్వడం కొత్తవాళ్ళకి రాదు. అందుకని డౌన్ అప్ డౌన్, డౌన్ అప్ డౌన్ అని వాయించు, రెండు "త"లూ డౌన్ మీదే వస్తాయి. మధ్యలో రెండు డౌన్లు వరసగా రావడం మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, నోటితో తకిట అంటూ చేస్తే కుదురుతుంది. పిక్ మెత్తటిది వాడు, అర మి.మీ. ప్రాంతంలోది.


సరళీస్వరాలు

బాబూ, శృతి సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెబుతాను. నేను వీణ వాయిస్తాను, మా అబ్బాయి గిటార్ వాయిస్తాడు, ఇద్దరం కలిసి కూర్చున్నప్పుడు రోజూ వచ్చే గొడవే ఇది.

మన శృతి అంకెలు హార్మోనియం మెట్ల నుంచి వచ్చినవే. ఒకటి అంటే సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఎ, ఏడు బి. మధ్యలోని నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడున్నర ఉండదు, ఇకి ఎఫ్‌కి మధ్య నల్ల మెట్టు లేదు కదా. మీ చెల్లిది ఐదున్నర అంటే జి షార్ప్. గిటార్‌లో ఒక్కో ఫ్రెట్ ఒక్కో అర స్వరం, కాబట్టి 1వ ఫ్రెట్ మీద కేపో పెట్టి నువ్వు జి కుటుంబంలోని కార్డ్స్, అంటే జి, సి, డి, ఇ మైనర్ పట్టుకుంటే అవి ఐదున్నరలో పలుకుతాయి. నువ్వు పాడుకోవాలంటే మగవాళ్ళ గొంతు చాలావరకు ఒకటి నుంచి రెండు మధ్యలో ఉంటుంది. అప్పుడు అదే కేపో అక్కడే ఉంచి సి కుటుంబం పట్టుకో, ఒకటిన్నర అవుతుంది. తీగలన్నీ బిగించి శృతి పెంచే ప్రయత్నం మాత్రం చెయ్యకు, తెగుతాయి.

ఇంకో చక్కటి సంగతి. 1వ ఫ్రెట్‌లో కేపో పెట్టాక 3వ తీగ ఖాళీగా మీటు. అదే మీ చెల్లి షడ్జమం, స. 4వ తీగ ఖాళీగా మీటితే మంద్ర పంచమం, కింది ప. 2వ తీగ అంతర గాంధారం, గ. ఎడమ చెయ్యి ఏమీ పట్టుకోకుండా 4, 3, 2, 3 అని మెల్లగా మీటుతూ ఉండు, తను ఏ శంకరాభరణమో మోహనమో అందుకుంటుంది. కార్డ్స్ రాకముందే కలిసి కూర్చోవచ్చు. గాంధారం మారే రాగమైతే 2వ తీగ వదిలేసి 4, 3 మాత్రమే వాయించు.

నా మాట వింటే, కార్డ్స్‌తో పాటు రోజూ కాసేపు స్వరాలు కూడా వాయించు. కేపో తీసేసి 5వ తీగ 3వ ఫ్రెట్ స, 4వ తీగ ఖాళీ రి, అదే తీగ 2వ ఫ్రెట్ గ, 3వ ఫ్రెట్ మ, 3వ తీగ ఖాళీ ప, 2వ ఫ్రెట్ ద, 2వ తీగ ఖాళీ ని, 1వ ఫ్రెట్ పై స. ఇది శంకరాభరణం. మాకు సరళీ స్వరాలు మాయామాళవగౌళలో మొదలుపెడతారు, అది కావాలంటే రి కోసం 5వ తీగ 4వ ఫ్రెట్, ద కోసం 3వ తీగ 1వ ఫ్రెట్, మిగతావన్నీ అవే. సరళీ వరసలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, వాయిస్తే వేళ్ళు విడివిడిగా కదలడం దానంతటదే వస్తుంది, ఆ పని నిమిషానికి ఎన్నిసార్లు మారావని లెక్కపెడితే రాదు.


విశాఖ_కెరటం

అమ్మా, మీ కేపో ఉపాయం బంగారం, నేను కూడా రాసిపెట్టుకున్నా. కానీ 36 ఏళ్ళ ఉద్యోగస్తుడికి సాయంత్రం అరగంట దొరకడమే కష్టం, ఆ అరగంటలో సరళీ స్వరాలు మొదలుపెడితే రెండో వారానికి గిటార్ బీరువా మీదికి ఎక్కుతుంది. ఒక్క పాట సగమైనా వాయిస్తేనే మర్నాడు మళ్ళీ తీస్తాడు. ముందు పాట, తర్వాత స్వరం అని నా ఉద్దేశం.


సరళీస్వరాలు

పాట వద్దని నేనెక్కడ అన్నాను నాయనా. ఐదు నిమిషాలు స్వరాలు వాయిస్తే పాటకి టైం లేకుండా పోతుందా. కార్డ్స్ ఒక్కటే నేర్చుకున్నవాళ్ళు ఎక్కడ ఇరుక్కుంటారో చూస్తూనే ఉన్నాను కాబట్టి చెప్పాను. మోహనంలో ఒక పాట ఉందనుకో, స రి గ ప ద, అంతే స్వరాలు. సి షడ్జమంగా పెట్టుకుంటే ఈ ఐదింటితో పూర్తిగా తయారయ్యే మేజర్, మైనర్ కార్డ్స్ రెండే, సి మేజర్, ఎ మైనర్. ఎఫ్ కొట్టగానే మధ్యమం, అంటే మ, వచ్చి పడుతుంది. సినిమా పాటల్లో తెలిసి వాడతారు, బాగుంటుంది కూడా, కానీ మీ చెల్లి కీర్తన పాడుతుంటే నువ్వు ఇంటర్నెట్‌లో దొరికిన కార్డ్స్ కొడితే ఆ అమ్మాయి మొహం చిట్లిస్తుంది. ఎందుకు చిట్లించిందో నీకు తెలియాలి కదా.

గమకం (స్వరాన్ని ఊపుతూ పలికించడం) గిటార్‌కి రాదనేవాళ్ళ మాట కూడా పట్టించుకోకు. వీణకీ మెట్లుంటాయి, తీగని పక్కకి లాగే పలికిస్తాం. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ అంత చిన్న వాద్యం మీద కర్ణాటక సంగీతం మొత్తం పలికించారు. నీ స్టీల్ తీగలు బిర్రుగా ఉంటాయి గనుక లాగడం కష్టం, జారుడు మాత్రం బాగానే వస్తుంది.


లైన్లో_నిలబడ్డా

క్లాసుకి వెళ్ళండి బ్రో, ఇంత చదివే బదులు. ఒక నెల వెళ్ళినా చాలు, కూర్చునే తీరు, చెయ్యి పెట్టే తీరు ఎదురుగా ఉన్న మనిషి సరిచేసినట్టు వీడియో సరిచెయ్యదు. బొటనవేలి నొప్పి ఉన్నవాళ్ళకి మరీ ముఖ్యం. చేరే ముందు ఒక్కటి అడగండి: పాటలు నేర్పుతారా, ట్రినిటీ లాంటి గ్రేడ్ పరీక్షలకి తయారుచేస్తారా అని. రెండో రకం అయితే నొటేషన్ చదవడం, పరీక్ష పీసులు ఎక్కువ ఉంటాయి, మీకు కావాల్సింది అది కాకపోవచ్చు. ఈ వయసులో వస్తుందా అన్నదానికి సమాధానం, మా బ్యాచ్‌లో రిటైరైన బ్యాంకు మేనేజర్ గారు ఉన్నారు, హోంవర్క్ చేసుకుని వచ్చేది ఆయన ఒక్కరే.


ఎడిసన్_ఆవకాయ

న్యూజెర్సీ నుంచి. అందరూ వాయించడం గురించి చెప్పారు, దాచుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు. గిటార్ చెక్కకి గాల్లో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే హాయి. ఇక్కడ చలికాలం హీటర్లు వేస్తే ఇంట్లో గాలి ఎండిపోయి, చెక్క కుంచించుకుని, ఫ్రెట్ల అంచులు బయటికి పొడుచుకొస్తాయి, ముదిరితే పైచెక్క పగులుతుంది. పెట్టెలో చిన్న తేమ సంచులు పెడతాం. మీకు హైదరాబాద్‌లో ఏసీ గదిలో రోజంతా గోడకి తగిలించి ఉంచితే కొంత ఇదే జరుగుతుంది. సంచిలో పెట్టెయ్యండి. మే నెలలో కారు డిక్కీలో మాత్రం వదలొద్దు, ఆ వేడికి బ్రిడ్జ్ జిగురు మెత్తబడుతుంది.


విశాఖ_కెరటం

మాకు దీనికి సరిగ్గా ఉల్టా. సముద్రపు గాలికి తీగలు నెల తిరక్కుండా తుప్పు, వానాకాలం పైచెక్క ఉబ్బి యాక్షన్ పెరుగుతుంది. వాయించగానే పొడి గుడ్డతో తీగల పైనా కిందా తుడిచి, సంచిలో సిలికా జెల్ పొట్లాలు రెండు పడేస్తా. అదే గిటార్ డిసెంబర్‌లో ఒకలా, ఆగస్టులో ఒకలా ఉంటుంది.


కొండాపూర్_కొత్తచేయి

అందరికీ చాలా థాంక్స్, ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. ఏటీఎం కార్డుల పరీక్ష చేశా. లావు తీగ కింద నాలుగు దూరి, పైన ఇంకా సందు ఉంది, ఐదోది కష్టం మీద దూరింది. సన్న తీగ కింద నాలుగు. కేపో ఈరోజే కొన్నా, 1వ ఫ్రెట్‌లో పెట్టి 2వ ఫ్రెట్‌లో ఎఫ్ ఆకారం పడితే ఐదు తీగలు పలికాయి, 2వ తీగ ఒక్కటే టప్పుమంది. నెక్ వంపు మాత్రం బాగానే ఉన్నట్టుంది, విజిటింగ్ కార్డు సరిగ్గా పట్టింది. 3వ తీగ, 4వ తీగ మీటుతూ కూర్చుంటే చెల్లి ఫోన్లోనే సరళీ స్వరాలు అందుకుంది, ఐదున్నరే!

షాపుకి తీసుకెళ్తే ఏం అడగాలి? ఇక్కడ ఒక షాపులో అడిగితే గిటార్ చూడకుండానే, "ఇది పనికిరాదు సార్, కొత్తది తీసుకోండి" అన్నారు.


బెజవాడ_తీగలు

చూడకుండా చెప్పారంటే అది అమ్మకం, రిపేరు కాదు. అమ్మే షాపు కాకుండా వయొలిన్లు, వీణలు బాగుచేసేవాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కోండి, నట్ గాట్లు కొయ్యడం వాళ్ళకి రోజూ చేసే పని.

మీ కొలతల ప్రకారం లావు తీగ 3.8 మి.మీ. ఉంది, 2.4 వరకు దించితే చాలు, అంటే సాడిల్‌లో 2.8 మి.మీ. తియ్యాలి. ఇంటికెళ్ళి సాడిల్ బ్రిడ్జ్ మీద నుంచి ఎంత పైకి కనిపిస్తోందో చూడండి. 5 మి.మీ. అలా కనిపిస్తే ఏ బాధా లేదు. మూడే ఉంటే అంతా తీసేశాక తీగలకి కిందికి ఒత్తిడి మిగలదు, శబ్దం చచ్చిపోతుంది, అప్పుడు ఎంత వీలైతే అంతే దించి ఆపమనండి. సన్న తీగ మీది 3, అది 1.9 దగ్గర ఆగాలి, కాబట్టి ఆ వైపు 2.2 చాలు, రెండు వైపులా ఒకేలా అరగదీయనివ్వకండి.

పని చేసేవాళ్ళకి వరుస ఇలా చెప్పండి: ముందు 10 తీగలు ఎక్కించాలి, తర్వాత నెక్ వంపు మళ్ళీ చూడాలి, ఎందుకంటే తీగలు సన్నబడితే లాగుడు తగ్గి వంపు మారుతుంది. ఆ తర్వాత నట్, చివర్న సాడిల్. సాడిల్ ముందు అరగదీసి నట్ తర్వాత కోస్తే కొలత తేడా వస్తుంది. పాత సాడిల్ అరగదీయకుండా కొత్తది వేయించి, పాతది అడిగి ఇంటికి తెచ్చుకోండి. గాలి పొడిబారే కాలం వచ్చి, యాక్షన్ దిగి తీగలు జివ్వుమంటే అది కావాల్సి వస్తుంది.